హైదరాబాద్–ఢిల్లీ విమానం: 1,265 కిలోమీటర్లకు రెండుంపావు గంటలు ఎందుకు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఢిల్లీ ఇందిరా గాంధీ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే దూరం సుమారు 1,265 కిలోమీటర్లు. పైకెక్కాక జెట్ విమానం గంటకు 820 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే గంటన్నర వస్తుంది. టికెట్ మీద మాత్రం 2 గంటల 10 నిమిషాల నుంచి 2 గంటల 25 నిమిషాల దాకా ఉంటుంది. మియాపూర్‌లో ఇల్లు వదిలి కన్నాట్ ప్లేస్ చేరేసరికి ఆరు గంటలు పడుతుంది. ఈ మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. టికెట్ మీది సమయంలో దూరాన్ని బట్టి మారే భాగం సగం కన్నా తక్కువ. మిగతాదంతా నేల మీద, ఎక్కడంలో, దిగడంలో, క్యూలో గడిచే సమయం. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లకు పనికొచ్చే లెక్క ఆ మిగతా సగంలోనే ఉంది.

ముందు దూరం సంగతి చూద్దాం. దీనికి యాప్ అక్కర్లేదు, కాగితం మీద తేల్చుకోవచ్చు. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఢిల్లీ విమానాశ్రయం 28.56 డిగ్రీల ఉత్తరం, 77.10 డిగ్రీల తూర్పు. అక్షాంశాల తేడా సుమారు 11.32 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున ఉత్తర–దక్షిణంగా 1,258 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.33 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి దీన్ని రెండు ఊళ్ల మధ్య అక్షాంశమైన 22.9 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.921తో గుణించాలి. అప్పుడు తూర్పు–పడమరగా 136 కిలోమీటర్లు వస్తుంది. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం 1,265 కిలోమీటర్లు. రెండు వేల కిలోమీటర్ల లోపు దూరాలకు ఈ పద్ధతి చాలు, తప్పు చాలా చిన్నది. హైదరాబాద్ నుంచి లండన్‌కో షికాగోకో అయితే గోళం మీది లెక్క వేరేగా చేయాలి.

ఇదే దారి నేల మీద ఎంత పెరుగుతుందో చూడండి. నాగ్‌పూర్, భోపాల్ మీదుగా తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నడిచేది సుమారు 1,675 కిలోమీటర్లు. పట్టే సమయం దాదాపు 26 గంటలు. జాతీయ రహదారి 44 మీద పోయినా 1,550 కిలోమీటర్లు దాటుతుంది. చార్మినార్ నుంచి కన్నాట్ ప్లేస్‌కు లెక్కేసినా, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి లెక్కేసినా ఆకాశ దూరంలో తేడా ఆరేడు కిలోమీటర్లే. ఒక సైట్‌లో 1,258 అని, ఇంకోదాంట్లో 1,265 అని కనబడితే కారణం ఇదే.

విమానం ఆ గీత మీదే పోతుందా? పోదు. గీత మీదే పోయిందనుకుంటే కింద కనబడేవి ఇవి: ముందు శ్రీరాంసాగర్ జలాశయం, తర్వాత ఆదిలాబాద్‌కు పడమటి వైపు నుంచి మహారాష్ట్ర, అక్కడి అమరావతికి కాస్త తూర్పుగా సాగి బేతుల్, నర్మదాపురం దగ్గర నర్మదా నది, భోపాల్‌కు సుమారు 30 కిలోమీటర్ల తూర్పున మరికొంత దూరం, చివరికి గ్వాలియర్‌కు పడమరగా ఢిల్లీ. నిజంగా విమానం నడిచేది పేరు పెట్టిన బిందువులను కలిపే ఆకాశ దారుల మీద. సైనిక గగనతలం ఉన్నచోట పక్కకు తప్పుకోవాలి. ఈ వంపులన్నీ కలిపి దూరం నాలుగైదు శాతం పెరుగుతుంది. కాబట్టి 1,265 కాస్తా 1,315 దాకా వెళ్తుందని లెక్క వేసుకోవచ్చు. కింద నుంచి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ముందున్న బిందువుకు నేరుగా వెళ్లమని చెబితే కొన్ని నిమిషాలు తగ్గుతాయి. రాత్రిపూట ట్రాఫిక్ పలచబడినప్పుడు ఇలాంటి అనుమతి దొరికే అవకాశం ఎక్కువ.

ఈ రూటులో ఎక్కువమంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ప్రయాణం ఉత్తరానికి, రన్‌వేలు మాత్రం రెండు చోట్లా దాదాపు తూర్పు–పడమరలు. విమానం గాలికి ఎదురుగానే లేవాలి, దిగాలి. శంషాబాద్‌లో గాలి పడమటి నుంచి వీస్తుంటే విమానం పడమరకు లేచి కుడికి తిరగాలి, తూర్పు గాలి అయితే తూర్పుకు లేచి ఎడమకు తిరగాలి. ఢిల్లీలోనూ అంతే. అక్కడ పడమటి గాలి ఉంటే విమానం నగరానికి తూర్పు వైపుగా పోయి, పడమరకు తిరిగి దిగుతుంది. తూర్పు గాలి ఉంటే గురుగ్రామ్ వైపు నుంచి చుట్టి వస్తుంది. బయల్దేరేటప్పుడూ చేరేటప్పుడూ లంబకోణంలో మలుపు తప్పని రూటు ఇది. దూరపు పట్టికల్లో కనబడని కిలోమీటర్లు ఇక్కడ చేరతాయి.

గాలిలో గడిచే సమయం

ఏ320 తరహా విమానాన్నే తీసుకుందాం. టేకాఫ్ నుంచి 34,000 – 36,000 అడుగులకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆలోపు 200 కిలోమీటర్ల పైచిలుకు సాగిపోతుంది, అంటే శ్రీరాంసాగర్ దాటిన కాసేపటికి పూర్తి ఎత్తు అందుతుంది. 10,000 అడుగుల లోపు వేగ పరిమితి గంటకు సుమారు 460 కిలోమీటర్లు కాబట్టి మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగానే పోవాలి. ఎత్తుకు చేరాక వేగం ధ్వని వేగంలో 0.78 వంతు. ఆ ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల కింద ఉంటుంది, చలిగాలిలో ధ్వని వేగం తగ్గుతుంది, అందుకే 0.78 అంటే గంటకు 828 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. సీటు ముందు స్క్రీన్ మీద కనబడే అంకె నేల మీది వేగం, దాంట్లో గాలి ప్రభావం కూడా కలిసి ఉంటుంది.

దిగడం చాలామంది అనుకునేదానికన్నా ముందే మొదలవుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు ఐదున్నర కిలోమీటర్లు కావాలన్నది పైలట్ల స్థూల లెక్క. 36,000 అడుగులకు అది 200 కిలోమీటర్లు, వేగం తగ్గించుకోవడానికి మరో ఇరవై. అంటే గ్వాలియర్ దాటిన కొద్దిసేపటికే ఇంజిన్ల శబ్దం మెత్తబడుతుంది. అక్కడి నుంచి నేల తాకేదాకా కనీసం 25 నిమిషాలు.

అన్నీ కలుపుకుంటే ఎక్కడానికి 210 కిలోమీటర్లు, 21 నిమిషాలు. దిగడానికి 220 కిలోమీటర్లు, 25 నిమిషాలు. మధ్యలో మిగిలిన 885 కిలోమీటర్లకు 65 నిమిషాలు. గాలిలో మొత్తం 1 గంట 51 నిమిషాలు. దూరాన్ని 820తో భాగించే లెక్క వర్తించేది మధ్యలోని ఆ 65 నిమిషాలకే. చిన్న దూరాల్లో ఈ మధ్య భాగం దాదాపు మాయమవుతుంది. శంషాబాద్ నుంచి గన్నవరం సుమారు 265 కిలోమీటర్లు, ఢిల్లీ దూరంలో ఐదో వంతు. ప్రయాణ సమయం మాత్రం గంట, గంటా పది నిమిషాలు, అంటే ఢిల్లీ సమయంలో సగం. ఎక్కడం, దిగడం, నేల మీద నడక అక్కడా ఉంటాయి, పైగా ఆ రూటులో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం వేగం గంటకు 500 కిలోమీటర్ల దగ్గరే. విజయవాడకు కారులో నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. గచ్చిబౌలి నుంచి బయల్దేరి విమానంలో పోయినా గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగు గంటలు దగ్గరపడతాయి. ఢిల్లీకి విమానం ఆదా చేసేది ఇరవై గంటలు, విజయవాడకు అరగంటో గంటో.

ఎత్తు కూడా ఇష్టం వచ్చినట్టు ఎంచుకోరు. దిక్సూచి మీద 0 నుంచి 179 డిగ్రీల వైపు పోయే విమానాలకు బేసి వేల ఎత్తులు, 180 నుంచి 359 వైపు పోయేవాటికి సరి వేల ఎత్తులు అన్నది సాధారణ నియమం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దిశ సుమారు 354 డిగ్రీలు, ఉత్తరానికి ఆరు డిగ్రీలు పడమరగా. అందుకే పోయేటప్పుడు 34,000, 36,000 వంటి ఎత్తులు, వచ్చేటప్పుడు 33,000, 35,000, 37,000. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య వెయ్యి అడుగుల ఎడం ఇలా దానంతట అదే ఏర్పడుతుంది.

గాలి ఈ రూటును ఎందుకు పెద్దగా కదిలించదు

పోయేటప్పటి సమయానికీ వచ్చేటప్పటి సమయానికీ తేడాకు భూభ్రమణాన్ని కారణంగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. భూమితోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోనే విమానం పోతుంది. కాబట్టి భ్రమణం వల్ల నేరుగా కలిసొచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. తేడా తెచ్చేది పై ఎత్తుల్లో వీచే గాలి.

చలికాలంలో ఉత్తర భారతం మీద 30,000 అడుగుల పైన పడమటి జెట్ ప్రవాహం ఉంటుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి అక్కడ విడ్డూరం కాదు. హైదరాబాద్–ఢిల్లీ విమానానికి అది పక్క గాలి. పక్కకు కొట్టుకుపోకుండా ముక్కును గాలి వైపు కాస్త తిప్పి పోవాలి, దానివల్ల ముందుకు సాగే వేగం 828 నుంచి 808కి తగ్గుతుంది. దారి కాస్త పడమరకు వంగి ఉంది కాబట్టి ఇంకో 19 తగ్గి 789 మిగులుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ 19 కలిసొచ్చి 827 అవుతుంది. ఈ గాలి దారి పొడవునా వీచిందనుకున్నా పోవడానికీ రావడానికీ తేడా మూడు నిమిషాలే. నిజానికి జెట్ ప్రవాహం ఉత్తరాదిలోనే బలంగా ఉంటుంది కాబట్టి తేడా ఇంకా తక్కువ.

దాదాపు ఇంతే దూరం ఉన్న ఢిల్లీ–కోల్‌కతా రూటును పక్కన పెట్టి చూడండి. అది సుమారు 1,310 కిలోమీటర్లు. దారి తూర్పు–ఆగ్నేయం. చలికాలంలో ఢిల్లీ నుంచి పోయే విమానానికి వెనక నుంచి 150 కిలోమీటర్ల గాలి తోడైతే మధ్య భాగంలో వేగం 978, తిరిగి వచ్చేటప్పుడు 678. ఆ 900 కిలోమీటర్లకు పోయేటప్పుడు 55 నిమిషాలు, వచ్చేటప్పుడు 80. ఒకే దూరానికి 25 నిమిషాల తేడా! అందుకే దూరం చూసి సమయం చెప్పేవాళ్లు ముందుగా దిక్కు అడగాలి.

మే, జూన్ నెలల్లో ఇబ్బంది వేరు. విదర్భ, మధ్యప్రదేశ్ మీద సాయంత్రం పూట ఉరుము మేఘాలు లేస్తాయి. వాటి శిఖరాలు విమానం ఎగిరే ఎత్తును మించిపోతాయి, పైనుంచి దాటడం కుదరదు, పక్కనుంచి చుట్టిపోవాలి. 50 కిలోమీటర్లు పక్కకు జరిగితే నాలుగైదు నిమిషాలు పోతాయి. ఢిల్లీ మీద దుమ్ము తుఫాను వస్తే రన్‌వే దిశే మారిపోతుంది, గాలిలో ఉన్న విమానాలన్నీ మళ్లీ కొత్త వరుసలో నిలబడాలి.

నేల మీది నిమిషాలు

టికెట్ మీద రాసేది గాలిలో ఉండే సమయం కాదు. విమానం గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయం. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. పైన వచ్చిన 1 గంట 51 నిమిషాలకు శంషాబాద్‌లో వెనక్కి నెట్టడం, ఇంజిన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే దాకా పోవడం కలిపి 12–15 నిమిషాలు, ఢిల్లీలో దిగాక గేటు దాకా మరో 10–15 నిమిషాలు కలపాలి. రెండుంపావు గంటలు ఇలా తయారవుతాయి. దీనిమీద ఎయిర్‌లైన్స్ ఐదు పది నిమిషాలు అదనంగా వేసుకుంటాయి, 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కిస్తారు కాబట్టి. రద్దీ లేని రోజున విమానం ఇరవై నిమిషాలు ముందే చేరిందని ప్రకటిస్తే పైలట్ వేగంగా నడిపాడని కాదు, టైమ్‌టేబుల్‌లో ఆ సందు ముందే ఉంచారు.

ఢిల్లీలో దిగాక నేల మీది ప్రయాణం ఏ రన్‌వే, ఏ టెర్మినల్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగు రన్‌వేలు, దూరదూరంగా టెర్మినళ్లు. దక్షిణం వైపు రన్‌వేల మీద దిగి టెర్మినల్ 1కు పోయే విమానాలు ఒకప్పుడు తొమ్మిది కిలోమీటర్ల దాకా నేల మీద నడిచేవి. 2023 జూలైలో 2.1 కిలోమీటర్ల ఈస్టర్న్ క్రాస్ ట్యాక్సీవే ప్రారంభమయ్యాక ఆ నడక సుమారు రెండు కిలోమీటర్లకు తగ్గింది. కింద రోడ్డు మీద కార్లు పోతుంటే పైన వంతెన మీద విమానం దాటుతుంది. దూరపు పట్టికలో ఒక్క అంకె మారలేదు, ప్రయాణ సమయం మాత్రం తగ్గింది.

దీనికి ఎదురు ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు ఢిల్లీకి ఆకాశ దూరం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పెరిగింది. గాలిలో అది రెండు నిమిషాలు కూడా కాదు. సికింద్రాబాద్ వాసులకు రోడ్డు మీద పెరిగింది మాత్రం అరగంట నుంచి ముప్పావు గంట. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు లేకపోతే ఈ భారం ఇంకా ఎక్కువగా ఉండేది.

ఇంటి నుంచి లెక్క ఇలా వేసుకోవాలి. దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా బయల్దేరే సమయానికి 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. బ్యాగు ఇవ్వాల్సి ఉంటే టెర్మినల్‌కు రెండు గంటల ముందు, చేతి సంచి ఒక్కటే ఉండి ముఖం గుర్తించి లోపలికి పంపే డిజియాత్రలో నమోదై ఉంటే గంటంపావు ముందు చేరితే చాలు. ఢిల్లీలో బ్యాగు చేతికి రావడానికి 15–25 నిమిషాలు. టెర్మినల్ 3లో దిగితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఇరవై నిమిషాల లోపే న్యూఢిల్లీ స్టేషన్‌కు చేరుస్తుంది, సాయంత్రం ఆరు గంటలకు కారులో ఆ దూరానికి గంట పట్టొచ్చు. టెర్మినల్ 1కు వేరే లైన్, మజెంటా లైన్ ఉంది. టికెట్ కొనేటప్పుడే ఏ టెర్మినల్ అన్నది చూసుకోవాలి. రెండు వందల రూపాయలు తక్కువని కొన్న టికెట్ దిగాక ముప్పావు గంట తినేయగలదు.

పొగమంచు రోజులు

డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాకా పైన చెప్పిన లెక్కలన్నీ పక్కకు పోతాయి. ఢిల్లీలో దట్టమైన పొగమంచు ఎక్కువగా తెల్లవారుజామున మొదలై తొమ్మిది, పది గంటల దాకా ఉంటుంది. క్యాట్ 3బీ అనే, మంచులో పరికరాల సాయంతో దిగే ఏర్పాటుతో రన్‌వే మీద 50 మీటర్లు కనబడితే దిగొచ్చు. దానికి మూడు కావాలి: రన్‌వేకు పరికరాలు, విమానానికి అర్హత, పైలట్లిద్దరికీ శిక్షణ. ఒక్కటి తగ్గినా విమానం దిగదు. టేకాఫ్‌కు ఇంకా ఎక్కువ, సాధారణంగా 125 మీటర్లు కనబడాలి. అంటే దిగగలిగిన విమానాలు లేవలేని పరిస్థితి వస్తుంది, అప్పుడు గేట్లు ఖాళీ కావు. పైగా మంచులో ఒక విమానానికీ ఇంకోదానికీ మధ్య ఎడం పెంచుతారు, గంటకు దిగే సంఖ్య పడిపోతుంది.

ఆ ఒత్తిడి శంషాబాద్‌లో కనబడుతుంది. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, విమానం సిద్ధంగా ఉంటుంది, అయినా కదలదు. ఢిల్లీలో దిగడానికి చోటు ఎప్పుడు దొరుకుతుందో లెక్కగట్టి, దాన్నిబట్టి ఇక్కడి టేకాఫ్ సమయాన్ని నిర్ణయిస్తారు. ఆకాశంలో చక్కర్లు కొట్టడం కన్నా నేల మీద ఆగడమే మేలు. ఈ తరహా విమానం గంటకు రెండు టన్నులకు పైగా ఇంధనం కాలుస్తుంది. గమ్యానికి సరిపడా ఇంధనం, దానిమీద కొంత అదనం, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి కావలసినది, ఆఖరికి 30 నిమిషాలు గాలిలో ఉండగలిగినంత నిల్వ, ఇవన్నీ ఉండి తీరాలి. చక్కర్లలో ఆ అదనం అయిపోతే పైలట్ జైపూర్‌కో లక్నోకో మళ్లించాల్సిందే. జైపూర్ గాలిలో అరగంట దూరమే. అయితే అక్కడ ఇంధనం నింపుకోవడానికి వరుస, మళ్లీ ఢిల్లీ అనుమతి, ఈలోపు సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతే కొత్త సిబ్బంది కోసం ఎదురుచూపు. నాలుగైదు గంటలు అక్కడే పోతాయి.

ఈ నెల రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 మధ్య ఢిల్లీ చేరే విమానం మంచిది. దీంట్లోనూ ఒక చిక్కు ఉంది. పగటి విమానం అదే ఉదయం ఢిల్లీ నుంచి వచ్చేదైతే అక్కడి ఆలస్యాన్ని మోసుకొస్తుంది. విమానం ముందు ఏ ఊరి నుంచి వస్తోందో చాలా యాప్‌లు చూపిస్తాయి. బెంగళూరు నుంచో చెన్నై నుంచో వచ్చి ఢిల్లీ పోయేది దొరికితే దాన్నే తీసుకోవాలి.

బ్లాక్ టైమ్ ప్రయాణికుడి హక్కులకూ కొలబద్ద. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు ఆలస్యమైతే అల్పాహారం ఇవ్వాలి. హైదరాబాద్–ఢిల్లీ ఈ కోవలోకే వస్తుంది. ఆలస్యం ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో ప్రయాణికుడు కోరుకోవచ్చు. నిబంధన చెప్పినంత ముందుగా తెలపకుండా విమానం రద్దు చేస్తే, బ్లాక్ టైమ్ రెండు గంటలు దాటిన రూటు కాబట్టి పరిహారం 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం వల్ల అయితే పరిహారం రాదు. మంచు పట్టిన రోజున ఇదే వర్తిస్తుంది.

ఢిల్లీ మీదుగా అమెరికా, కెనడా పోయేవాళ్లు ఈ చివరి మాట గట్టిగా పట్టించుకోవాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానంలో సర్దే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. హైదరాబాద్–ఢిల్లీ వేరుగా, అవతలిది వేరుగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ లేదు. బ్యాగులు తీసుకుని, అవసరమైతే టెర్మినల్ మారి, అంతర్జాతీయ కౌంటర్ మూసే సమయానికన్నా ముందే క్యూలో ఉండాలి. మామూలు రోజుల్లో దీనికి నాలుగు గంటల వ్యవధి పెట్టుకోవాలి. మంచు నెలలో అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానమైతే ముందురోజు మధ్యాహ్నానికే ఢిల్లీ చేరేలా మొదటి టికెట్ కొనాలి.